మనసుకు వాడే మందును మరుగున ఉంచకండి

ఆయుర్వేదం, గృహవైద్యం కోసం ఈ పత్రికను తెరిచే పాఠకులకు ఇంగ్లీషు మందుల ప్రస్తావన అంతగా రుచించకపోవచ్చు. నాకు వైద్యశాస్త్రంలో ఏ పట్టమూ లేదు. ముప్ఫై మూడేళ్లు తెలుగు పాఠాలు చెప్పి, పదవీ విరమణ చేసి, నంద్యాల జిల్లా పాములపాడులో సొంత ఇంట కాలక్షేపం చేస్తున్నవాణ్ణి. మా తాతగారు చుట్టుపక్కల పల్లెలకు నాటువైద్యం చేసేవారు. ఆయన కల్వంలో మేము ఇప్పటికీ శొంఠి నూరుకుంటాము. అటువంటి ఇంట పుట్టిన నేను మానసిక వ్యాధుల మాత్రల గురించి, అవి ఇతర ఔషధాలతో కలిసినప్పుడు కలిగే ఉపద్రవాల గురించి వ్రాయడానికి కారణం ఒక్కటే. మా అక్కయ్య ప్రాణం మీదికి వచ్చింది. అందులో తప్పు చాలావరకు నాది.

అక్కయ్యకు అరవై ఎనిమిదేళ్లు. బావగారు కాలం చేసిన తరువాత మా ఇంట్లోనే ఉంటున్నది. ఆరు నెలలు గడిచినా ఆమెకు తిండి సయించలేదు. రాత్రి మూడు గంటలకే మెలకువ వచ్చేది. పూజగది వైపు కూడా వెళ్లడం మానేసింది. మొదట అశ్వగంధ చూర్ణం పాలతో ఇచ్చాము. బ్రాహ్మీ ఘృతం ఇచ్చాము. కొంత నిద్ర పట్టింది కాని మనసు కుదుటపడలేదు. చివరకు కర్నూలులో ఒక మనోవ్యాధి నిపుణుని వద్దకు తీసుకువెళ్లాము. ఆయన ఎసిటలోప్రాం అనే మాత్ర వ్రాశారు. ఆరు వారాలు తిరిగేసరికి ఒకనాటి తెల్లవారుజామున వాకిట్లో కళ్లాపి చల్లిన చప్పుడుకు నాకు మెలకువ వచ్చింది. చూస్తే అక్కయ్యే ముగ్గు వేస్తున్నది. ఆ మాత్రను నేను నిందించను. నిందించవలసినది దానికి మేము పెట్టిన పేరును.

ఆ మాత్రను మా ఇంట్లో "నరాల మాత్ర" అనేవాళ్లం. అక్కయ్య మనుమరాలికి అప్పుడు సంబంధాలు చూస్తున్నారు. అమ్మమ్మకు మతి చలించిందట అనే మాట బయటకు పొక్కితే వచ్చిన సంబంధం వెనక్కి పోతుందని అందరికీ భయం. కనుక కర్నూలు డాక్టరు గారి చీటీ బీరువాలో పట్టుచీరల కిందికి వెళ్లింది. మాత్రల పట్టీని కత్తిరించి, పేరు లేని డబ్బాలో వేసుకున్నాము. మధ్యతరగతి కుటుంబాలలో ఇది కొత్త సంగతి కాదు. చక్కెర వ్యాధి మాత్రను నలుగురిలో వేసుకుంటాము. మనసుకు వాడే మాత్రను తలుపు మూసి వేసుకుంటాము.

తరువాత మోకాళ్ల నొప్పి ఎక్కువైంది. నంద్యాలలో ఎముకల వైద్యునికి చూపించాము. ఆయన పరీక్ష చేసి, "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగారు. అక్కయ్య నా ముఖం వైపు చూసింది. "బి.పి. మాత్ర ఒక్కటేనండీ" అన్నాను నేను. గదిలో మరో ఇద్దరు రోగులు నిలబడి ఉన్నారు. వారిలో ఒకరు మా ఊరివారే. ఆయన ట్రమడాల్, పారాసిటమాల్ కలిసిన మాత్రలు వ్రాశారు. ఆయన తప్పేమీ లేదు.

ఆ సాయంత్రమే ఒక మాత్ర వేసుకున్నది. మర్నాడు రెండు వేసుకున్నది. ఆ రాత్రి పొడిదగ్గు వస్తుంటే, ఇంట్లో ఉన్న దగ్గుమందు రెండు చెంచాలు నేనే పోశాను. అర్ధరాత్రికి చేతులు వణకడం మొదలైంది. ఒళ్లంతా ముద్దగా చెమట పట్టింది, రెండుసార్లు విరేచనమైంది. ఒకచోట కూర్చోలేక లేచి గది అంతా తిరిగింది. జ్వరం వచ్చింది. మేము ధనియాల కషాయం కాచాము. పక్కింటి పెద్దమ్మ వచ్చి గాలి సోకిందేమో, దిష్టి తీయమన్నది. తీశాము కూడా. తెల్లవారేసరికి అక్కయ్య నన్ను గుర్తుపట్టలేదు. కాళ్లు కొయ్యబారి, ఉండి ఉండి ఎగిరిపడుతున్నాయి.

కర్నూలు ఆసుపత్రికి చేరేసరికి గంటకు పైగా పట్టింది. అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ అక్కయ్య పాదాన్ని అరచేతిలో పట్టుకుని పైకి ఒక్కసారి నెట్టింది. పాదం దానంతట అది టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది, ఆగలేదు. కళ్లలో దీపం వేసి చూసింది, కనుపాపలు పెద్దవై ఉన్నాయి. అప్పుడు ఆమె నా వైపు తిరిగి, "మనసుకు గాని, నిద్రకు గాని, నరాలకు గాని ఏమైనా మాత్ర వాడుతున్నారా? దాచకుండా చెప్పండి" అన్నది. ఆ ప్రశ్న ఆ విధంగా అడిగిన మొదటి మనిషి ఆమె. నేను చెప్పాను.

దీనిని వైద్యులు సెరటోనిన్ సిండ్రోమ్ అంటారు. మెదడులోను, నరాల కొసలలోను సెరటోనిన్ అనే పదార్థం ఒక కబురు మోసే బంటు వంటిది. ఎసిటలోప్రాం, ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్ వంటి మాత్రలు ఆ పదార్థం త్వరగా వెనక్కి పోకుండా ఆపుతాయి; దిగులు తగ్గడానికి ఆ మార్పు తోడ్పడుతుంది. ట్రమడాల్ నొప్పి మాత్రే అయినా అదీ ఇదే పని చేస్తుంది. చాలా దగ్గుమందులలో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్ కూడా అదే పని చేస్తుంది. ముగ్గురూ ఒకే వైపు తోస్తే కబుర్లు మితిమీరి శరీరం అదుపు తప్పుతుంది. కండరాలు విరామం లేకుండా బిగుసుకోవడం వల్లనే ముఖ్యంగా ఆ జ్వరం పుడుతుంది కనుక, జ్వరం మాత్రలు గాని, మా ధనియాల కషాయం గాని దానిని దించలేవు. కారణమైన మందులను వెంటనే ఆపి, సెలైను ఎక్కించి, కండరాలు సడలడానికి మందు ఇచ్చి, ఒంటిని చల్లబరచాలి. పిల్లలకు ఆకలి పుట్టడానికి ఇచ్చే సిరప్పులలో ఉండే సిప్రోహెప్టడిన్‌ను కూడా ఈ స్థితిలో వైద్యులు విరుగుడుగా వాడతారు. అది ఆసుపత్రిలో జరగవలసిన పని. ఇంట్లో ఎవరూ ప్రయత్నించకూడదు. రెండవ రోజు సాయంత్రానికి అక్కయ్య నన్ను పేరు పెట్టి పిలిచింది.

ఇంటికి వచ్చిన తరువాత ఈ విషయం గురించి దొరికినవి చదివాను. తెలిసినవారిని అడిగాను. అప్పుడు ఎదురైనదే అమెరికాలోని లిబ్బీ జయాన్ ఉదంతం. పద్దెనిమిదేళ్ల కళాశాల విద్యార్థిని. మానసిక దిగులుకు ఫెనల్జిన్ అనే మాత్ర వాడుతున్నది. 1984 మార్చి 4 రాత్రి జ్వరంతో, వణుకుతో న్యూయార్క్ హాస్పిటల్‌లో చేరింది. వణుకు తగ్గడానికి పెథిడిన్ ఇచ్చారు. పెథిడిన్ మన దేశంలోనూ ఆపరేషన్ల తరువాత నొప్పికి ఇచ్చే మందే. ఫెనల్జిన్ వాడేవారికి దానిని ఇవ్వరాదు. ఆ అమ్మాయికి ఆందోళన ఎక్కువైంది. మంచానికి కట్టి ఉంచారు. జ్వరం 107 డిగ్రీల దాకా పోయింది. మర్నాటి ఉదయం ప్రాణం పోయింది.

తండ్రి సిడ్నీ జయాన్ పాత్రికేయుడు, న్యాయవాది కూడా. ఆయన ఏళ్ల తరబడి పోరాడారు. ఆ రాత్రి రోగిని చూసిన వైద్యులు ఇంకా శిక్షణలో ఉన్నవారు, గంటల తరబడి పని చేస్తున్నవారు. దాని ఫలితంగా న్యూయార్క్ రాష్ట్రంలో శిక్షణలోని వైద్యుల పని వారానికి 80 గంటలకు, ఒక విడతలో 24 గంటలకు మించరాదనే నియమం 1989లో అమలులోకి వచ్చింది. వ్యాజ్యం 1995 దాకా నడిచింది. ఆ అమ్మాయి మరో పదార్థం వాడిన సంగతి దాచిందని ఆసుపత్రి పక్షం వాదించింది, తల్లిదండ్రులు అంగీకరించలేదు. పెథిడిన్ విషయంలో వైద్యులది పొరపాటేనని చెప్పిన జ్యూరీ, బాధ్యతలో సగం చనిపోయిన ఆ పిల్ల మీద కూడా మోపింది. ఈ తీర్పు న్యాయమో కాదో చెప్పగల శక్తి నాకు లేదు. కాని అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నంద్యాల డాక్టరు గారి గదిలో నా నోట వచ్చిన "ఒక్కటేనండీ" అనే మాట చెవిలో గింగురుమంటూ ఉన్నది.

ఫెనల్జిన్ జాతి మందులు పుట్టిన కథ కూడా చిత్రమైనదే. 1952 ప్రాంతంలో న్యూయార్క్‌లోని సీ వ్యూ హాస్పిటల్‌లో క్షయరోగులకు ఐప్రోనయజిడ్ అనే మందు ఇచ్చి చూశారు. ఊపిరితిత్తుల మాట అలా ఉంచి, మంచాన పడి ఉన్నవారు ఉత్సాహంగా లేచి తిరగసాగారు. క్షయ కోసం వచ్చిన మందు ఆ విధంగా దిగులుకు మందైంది. తరువాత ఆ జాతి మందులు వాడేవారు ముగ్గిన చీజ్ తింటే రక్తపోటు ప్రమాదకరంగా పెరుగుతున్నదని 1960వ దశకంలో బయటపడింది. దానికి ఒక ఆధారం, తన భార్యకు చీజ్ తిన్నప్పుడల్లా భరించలేని తలనొప్పి వస్తున్నదని ఒక ఫార్మసిస్టు వ్రాసిన ఉత్తరం. ఇంటి మనిషి గమనించి చెప్పిన మాటకు శాస్త్రంలో ఉన్న విలువ అది. ఈనాడు ఆ మందుల వాడకం తగ్గింది కాని, మొండి క్షయకు ఇచ్చే లినెజోలిడ్‌కు ఆ గుణం కొంత ఉన్నది. దిగులుకు మాత్ర వాడేవారికి లినెజోలిడ్ ఇచ్చేటప్పుడు జాగ్రత్త అవసరమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లో హెచ్చరించింది. మన ప్రాంతంలో క్షయ రోగులు ఇప్పటికీ ఉన్నారు. దీర్ఘరోగంతో దిగులుపడేవారు వారిలో తక్కువేమీ కారు. మరొక మాట. ఫ్లూఆక్సెటిన్ మానేసినా దాని ప్రభావం ఒంట్లో కొన్ని వారాలు ఉంటుంది. "పోయిన నెలలోనే ఆపేశాం కదా" అని చెప్పకుండా ఊరుకోవడం కూడా దాచడమే.

మందులు ఢీకొనే పద్ధతి ఇది ఒక్కటే కాదు. రెండవది మా మండలంవారికి చెప్పడం తేలిక. పోతిరెడ్డిపాడు నుంచి వచ్చే శ్రీశైలం నీళ్లు మా బనకచెర్ల రెగ్యులేటరు దగ్గర చీలి తెలుగు గంగకు, శ్రీశైలం కుడి కాలువకు, కె.సి. కాలువకు పోతాయి. ఒక గేటు దించితే నీళ్లు వెనక్కి ఎగదన్నుతాయి. మన కాలేయంలో కూడా అటువంటి గేట్లు ఉన్నాయి. వాటిని ఎంజైములు అంటారు. వేసుకున్న మాత్రలు చాలావరకు వాటి గుండానే అరిగి బయటకు పోవాలి. ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్ అనే మాత్రలు ఆ గేట్లలో ఒకదానిని దించివేస్తాయి. గుండె దడకు, బి.పి.కి వాడే మెటోప్రోలాల్ ఆ గేటు గుండానే పోవాలి. దారి లేక రక్తంలో పేరుకుంటుంది. నాడి మందగించి మనిషి కళ్లు తిరిగి పడిపోవచ్చు. రొమ్ము క్యాన్సరుకు ఇచ్చే టామాక్సిఫెన్ విషయంలో కథ తలకిందులు. ఆ మందు ఆ గేటు దాటితేనే పూర్తి బలం పుంజుకుంటుంది. టామాక్సిఫెన్‌తో పాటు పారాక్సెటిన్ ఎక్కువ కాలం వాడిన స్త్రీలలో రొమ్ము క్యాన్సరు మరణాలు అధికంగా ఉన్నట్లు కెనడాలోని ఒంటారియోలో చేసిన పరిశీలన 2010లో వెలువడింది. ట్రమడాల్‌కు రెండు చిక్కులూ ఉన్నాయి. ఆ గేటు మూసుకుంటే నొప్పి సరిగా తగ్గదు, సెరటోనిన్ ముప్పు, మూర్ఛ వచ్చే ముప్పు మాత్రం పెరుగుతాయి. నొప్పి తగ్గలేదని రోగి మరొక మాత్ర వేసుకుంటాడు. అక్కడ మొదలవుతుంది అసలు ప్రమాదం.

"మా ఇంట్లో మనోవ్యాధి ఎవరికీ లేదు" అని పుట తిప్పబోయే పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. చక్కెర వ్యాధివల్ల అరికాళ్లలో మంటలు, తిమ్మిర్లు ఉన్నవారికి రాత్రిపూట ఇచ్చే అమిట్రిప్టిలిన్ గాని, డ్యులాక్సెటిన్ గాని మీ ఇంటి మందుల డబ్బాలో ఉన్నదేమో చూడండి. అవి దిగులుకు వాడే మందుల జాతివే. పార్శ్వపు నొప్పికి, దీర్ఘకాలపు నడుము నొప్పికి కూడా వాటిని ఇస్తారు. వాటిని వాడేవారిలో చాలామందికి ఆ సంగతి తెలియదు.

పెద్దవయసు స్త్రీల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బి.పి. కోసం మూత్రం జారీ చేసే మాత్ర వాడుతుంటారు. పైగా ఉప్పు మానేయమని ఎవరో చెబితే చప్పిడి పథ్యం పట్టుదలగా చేస్తారు. మా నంద్యాల ఎండలు సరేసరి. చెమట రూపంలో ఉన్న ఉప్పు కాస్తా పోతుంది. అటువంటివారు దిగులుకు మాత్ర మొదలుపెడితే రక్తంలో సోడియం పడిపోవచ్చు. మనిషి మాట తడబడుతుంది, తూలుతుంది, తెల్లవారు జామున లేచి ఎక్కడ ఉన్నదో తెలియక వెతుక్కుంటుంది. ఇంట్లోవారు "వయసు మీద పడింది, చాదస్తం" అని తేల్చేస్తారు. ఒక చిన్న రక్తపరీక్షతో బయటపడే సంగతి ఇది. అలాగే గుండెకు ఆస్పిరిన్, మోకాళ్లకు డైక్లోఫెనాక్, మనసుకు మరొక మాత్ర కలిసినప్పుడు కడుపులో రక్తస్రావం జరిగే అవకాశం పెరుగుతుంది. విరేచనం తారులాగా నల్లగా కనబడితే కరక్కాయ కషాయంతో కాలయాపన చేయకూడదు.

ఇక మన ఇంటి సంగతికి వస్తాను. ఈ పత్రిక పాఠకులలో కొందరికి కోపం వచ్చినా సరే. "మన మందులకు దుష్ఫలితాలు ఉండవు, దేనితోనైనా వాడవచ్చు" అనే ప్రకటనలు నాకు మన శాస్త్రానికి అవమానంగా తోస్తాయి. ఔషధాల, ఆహారాల కలయికలో విరోధం ఉంటుందని చెప్పినది మన పెద్దలే. చరక సంహిత సూత్రస్థానం ఇరవై ఆరవ అధ్యాయంలో విరుద్ధాలను పద్దెనిమిది విధాలుగా విభజించారు. దేశవిరుద్ధం, కాలవిరుద్ధం, మాత్రావిరుద్ధం, సంయోగవిరుద్ధం ఇత్యాదులు. తేనె, నెయ్యి సమపాళ్లలో కలపరాదనే నియమం మన ఇళ్లలో ఇప్పటికీ పాటిస్తాము. తేనె, నెయ్యిల విషయంలో అంత జాగ్రత్తపడేవాళ్లం, ఎసిటలోప్రాం మీద ఏ చూర్ణమైనా వేసుకోవచ్చునని ఎట్లా అనుకుంటున్నాము?

సర్పగంధను ఉదాహరణగా తీసుకుంటాను. మా ఊరి పేరులో పాము ఉన్నందుకు కాదు. మనసు మందుల చరిత్రతో దానికి దగ్గరి చుట్టరికం ఉన్నందుకు. ఉన్మాదానికి, అధిక రక్తపోటుకు సర్పగంధ పనిచేస్తుందని కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ 1931లో ప్రకటించారు. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో వ్రాసిన వ్యాసంతో దాని పేరు ప్రపంచమంతా వినబడింది. 1952లో స్విట్జర్లాండ్‌లో దాని వేరు నుంచి రిసర్పిన్ అనే సారాన్ని వేరుచేశారు. అయితే రిసర్పిన్ వాడినవారిలో కొందరికి తీవ్రమైన దిగులు పట్టుకున్నదని 1950వ దశకంలోనే వైద్యులు నివేదించారు. దిగులు వ్యాధి ఉన్నవారికి దానిని ఇవ్వకూడదనే హెచ్చరిక అప్పటినుంచి ఉన్నది. సెరటోనిన్ వంటి పదార్థాలు నిల్వ ఉండే గాదెలను రిసర్పిన్ ఖాళీ చేస్తుంది. దిగులు మాత్ర ఆ పదార్థాలనే పొదుపు చేయాలని చూస్తుంది. ఒకరు గాదెకు కాపలా కాస్తుంటే మరొకరు అడుగున కన్నం వేస్తున్నట్లు ఉంటుంది ఈ వ్యవహారం. ఇక ఫెనల్జిన్ జాతి మందు మీద రిసర్పిన్ పడితే రక్తపోటు ఎగసిపడవచ్చు. అక్కయ్యకు బి.పి. ఉన్నదని తెలిసిన ఒక మిత్రుడు సర్పగంధ మాత్రలు తెచ్చి ఇచ్చిపోయాడు. దైవకృప వల్ల ఆమె వాటిని మరచిపోయింది. ఆ సీసా సీలు విప్పకుండానే దొరికింది.

పిప్పళ్లు, మిరియాలు యోగవాహులని, అంటే తోటి మందు బలాన్ని లోపలికి చేర్చేవని ఆయుర్వేదం చెబుతున్నది. వాటిలోని పైపరిన్ కొన్ని ఇంగ్లీషు మందులను రక్తంలోకి ఎక్కువగా చేరుస్తుందని ఆధునిక పరిశోధనలూ చెప్పాయి. జమ్మూలోని ప్రభుత్వ పరిశోధనశాల ఆ గుణాన్ని ఆధారం చేసుకునే క్షయ మందు రిఫాంపిసిన్‌ను తక్కువ మోతాదులో ఇచ్చే మాత్రను రూపొందించడంలో పాలుపంచుకున్నది. చారులో వేసే నాలుగు మిరియాల గురించి నేను భయపెట్టడం లేదు. త్రికటు చూర్ణం రోజూ చెంచాలకొద్దీ వాడేవారి గురించి చెబుతున్నాను. అతిమధురం ఎక్కువకాలం వాడితే రక్తంలో పొటాషియం తగ్గుతుంది, బి.పి. పెరుగుతుంది. పొటాషియం తగ్గినవారిలో ఎసిటలోప్రాం గుండె లయను చెడగొట్టే అవకాశం హెచ్చు. అశ్వగంధ నిద్రమాత్రలకు తోడైతే మత్తు పెరగవచ్చు. ఇవన్నీ మంచి మూలికలే. మంచివి కనుకనే వాటికి శక్తి ఉన్నది. శక్తి ఉన్నదానికి విరోధమూ ఉంటుంది.

ఇంత విన్నాక ఎవరైనా భయపడి తమ దిగులు మాత్రను రేపటినుంచి మానేస్తే నేను వ్రాసినదంతా అపకారమే అవుతుంది. ఆ మాత్రలను ఒక్కసారిగా ఆపకూడదు. ఆపితే తల తిరుగుడు, వాంతులు, తట్టుకోలేని ఆందోళన కలగవచ్చు, అణగి ఉన్న వ్యాధి తిరిగి లేవవచ్చు. ఆపడమైనా, తగ్గించడమైనా వ్రాసిన వైద్యుడే చేయాలి. ఈ మాత్రలు వాడే లక్షలాదిమంది ఏ ప్రమాదమూ లేకుండా బతుకుతున్నారు. అక్కయ్య కూడా వైద్యుల అనుమతితో కొన్ని వారాల విరామం తరువాత అదే ఎసిటలోప్రాం మళ్లీ మొదలుపెట్టింది. మనసు అసలు నిలకడగా లేనివారు కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

వైద్యుల మీద నాకు ఒక ఫిర్యాదు ఉన్నది. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అనే ప్రశ్న నలుగురి ఎదుట అడిగితే నిజం రాదు. దానికి సమాధానం పరువు చెబుతుంది, రోగి చెప్పడు. కర్నూలు డాక్టరమ్మ అడిగినట్లు పేరుపెట్టి, మెల్లగా, మిగిలినవారిని బయటకు పంపి అడగాలి. మందుల షాపులవారికీ బాధ్యత ఉన్నది. ట్రమడాల్‌ను హెచ్-1 షెడ్యూలులో చేర్చి, 2014 మార్చి నుంచి ఆ జాబితాలోని మందులు అమ్మినప్పుడు రోగి పేరు, వైద్యుని పేరు ప్రత్యేక రిజిస్టరులో వ్రాయాలని నియమం పెట్టారు. 2018లో దానిని మత్తుమందుల చట్టం కిందికి కూడా తెచ్చారు. అయినా పాత చీటీ చూపించి, లేదా ఖాళీ పట్టీ చూపించి "ఇవే నాలుగు ఇవ్వండి" అని తెచ్చుకునే అలవాటు మనకు పోలేదు. ఒకే మందుకు డజన్ల కొద్దీ పేర్లు ఉండటం మరొక చిక్కు. మా ఊళ్లో పెద్దవారు మాత్రను రంగును బట్టి గుర్తుపెట్టుకుంటారు. ఆసుపత్రిలో "తెల్లది, మధ్యన గీత ఉంటుంది" అని చెబితే ఏ డాక్టరుకు అర్థమవుతుంది?

మేము చేసిన పని చాలా చిన్నది. ఒక కాగితం మీద అక్కయ్య వాడేవన్నీ వరుసగా వ్రాశాను. షాపు పేరు కాకుండా పట్టీ మీద చిన్న అక్షరాలలో ఉండే అసలు మందు పేరు, మోతాదు, ఎవరు వ్రాశారు, ఎప్పటినుంచి. చూర్ణాలు, లేహ్యాలు, దగ్గుమందు, కంటిచుక్కలతో సహా. మానేసిన మందులను కొట్టివేసి పక్కన తేదీ వేశాను. మొదటి వరుసలో ఎసిటలోప్రాం ఉన్నది. అది మొదట ఉండాలని అక్కయ్యే చెప్పింది. "సంబంధం మాట ఏమిటి?" అని నేను అడిగితే, "పిల్ల పెళ్లికి నేను బతికి ఉండొద్దా?" అన్నది.

ఎవరికైనా మందు వికటించినదని అనుమానం వస్తే వైద్యులే కాదు, రోగి బంధువులు కూడా ప్రభుత్వానికి తెలియజేయవచ్చు. మందుల దుష్ఫలితాలను నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2010 నుంచి నడుస్తున్నది. నంబరు 1800-180-3024, ఖర్చు లేదు. ఆయుర్వేద, సిద్ధ, యునానీ మందుల దుష్ఫలితాలకు కూడా ప్రత్యేకంగా ఇటువంటి ఏర్పాటు ఉన్నది. దానిని వాడుకోవలసినది ముందుగా మనమే.

పోయిన నెల ఆ కాగితం తీసుకుని నంద్యాలకు మళ్లీ వెళ్లాము. గదిలో ఆనాటిలాగే మరికొందరు ఉన్నారు. అక్కయ్య కాగితం డాక్టరు గారి చేతికి ఇచ్చింది. ఆయన మొదటి వరుస చదివి నా వైపు చూశారు. నేను తల దించుకున్నాను. ఆయన ఏమీ అనకుండా ట్రమడాల్ కొట్టివేసి, వట్టి పారాసిటమాల్ వ్రాసి, మోకాలికి చేయవలసిన వ్యాయామం చూపించారు. నొప్పి ఇంకా పూర్తిగా తగ్గలేదు. రాత్రిపూట మహానారాయణ తైలం గోరువెచ్చగా మర్దన చేస్తున్నాము. ఆ సంగతి కూడా కాగితంలో ఆరవ వరుసలో వ్రాసి ఉన్నది.